చేనులో సెన్సరు, ఫోనులో అంకె: చేయవలసినవి, చేయకూడనివి

అనంతపురం ఎర్రనేలల్లో పదును ఎక్కువ రోజులు నిలవదు. పైన పలచని మట్టి, కింద గరుసు. ఏడాది పొడవునా కలిపి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూగా కురిసే ఈ సీమలో, ముంగారులో పడిన ఏ వానకు వేరుశనగ విత్తాలి, ఏ వానను వదిలేయాలి అన్నది రైతు నాలుగు రోజుల్లో తేల్చుకోవాలి. ఆ నాలుగు రోజుల్లో చేతిలోని ఫోను 'నేలలో తేమ చాలినంత ఉంది' అంటే అతడు విత్తనం బయటికి తీస్తాడు. బోరులో నీటిమట్టం తగ్గలేదని చూపితే చీనీ తోటకు ఇంకో తడి పెడతాడు. ఆ అంకె తప్పయితే అప్లికేషన్ రాసినవారికి అదొక బగ్గు. రైతుకు ఒక కారు పంట.

ఇలాంటి ప్రయత్నం ఈ నేలకు కొత్త కాదు. అనంతపురం జిల్లాను ఆనుకుని ఉన్న పావగడ తాలూకా లెక్కకు కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నా, అక్కడి పల్లెల్లో తెలుగు వినిపిస్తుంది, నేలా వానా మనవే. ఆ తాలూకాలోని చెన్నకేశవపురంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, స్విట్జర్లాండులోని ఈపీఎఫ్ఎల్ కలిసి 'కామన్‌సెన్స్ నెట్' పేరుతో పొలాల్లో వైర్‌లెస్ సెన్సర్లు పెట్టాయి. దాని మీద రాసిన పరిశోధన పత్రం 2006లో అమెరికాలోని బర్కిలీలో జరిగిన సదస్సులో వెలువడింది. ఆ పనిలో నాకు బాగా నచ్చినది సెన్సరు కాదు. సెన్సర్లు నాటకముందే ఊళ్లో తిరిగి, చిన్నకారు రైతులకు ఏ సమాచారం కావాలో అడిగి తెలుసుకున్నారు. ఇవాళ ఇంజనీరింగ్ కాలేజీల్లో, రైతు సంఘాల్లో ఈ పనికి దిగుతున్నవారు మొదట చేయవలసినది అదే. ఏ నిర్ణయం కోసం ఈ అంకె? తప్పయితే ఎవరికి ఎంత నష్టం? ఈ రెండు ప్రశ్నలకు రైతు ఎదుటే జవాబు రాసుకోండి. జవాబు దొరకని అంకెను తెర మీదికి తేకండి.

తెర మీద

ప్రతి అంకె పక్కన అది ఎప్పటిదో పెద్ద అక్షరాల్లో చూపండి. 'తేమ 14 శాతం' అంటే చాలదు, 'ఈ ఉదయం 6 గంటల 10 నిమిషాలకు 14 శాతం' అని ఉండాలి. అంకె పాతబడితే దాన్ని తెర మీదినుంచి పూర్తిగా తీసేయండి. బూడిద రంగులోకి మార్చి ఊరుకోకండి. చేలో ఎండకు ఫోను చూసే కంటికి బూడిదా నలుపూ ఒకటే. అంకె ఉండాల్సిన చోట 'నిన్న సాయంత్రం నుంచి సమాచారం రాలేదు' అన్న మాట రావాలి.

నేను ఈ విషయం దగ్గర ఆగడానికి కారణం ఉంది. ఇది అజాగ్రత్త వల్ల వచ్చే తప్పు కాదు, మామూలుగా రాసే పద్ధతిలోనే దాగి ఉన్న తప్పు. తెర తెరవగానే ప్రోగ్రాము డేటాబేసును 'చివరి రీడింగు ఇవ్వు' అని అడుగుతుంది. చివరి రీడింగు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. సెన్సరు చచ్చి మూడు వారాలైనా ఉంటుంది. కాబట్టి అలా అడగకండి. 'గడిచిన రెండు గంటల్లో వచ్చిన రీడింగు ఇవ్వు' అని అడగండి. లేకపోతే లేదనే జవాబు వస్తుంది, దాన్నే రైతుకు చూపండి. గ్రాఫుల్లోనూ అంతే. సమాచారం రాని రోజుల మీదుగా గీతను కలిపేయకండి, ఖాళీని ఖాళీగానే వదలండి.

సెన్సరు పంపే ప్రతి అంకే కొలత కాదు. చవకగా దొరికే డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సరు కరెంటు అందగానే, ఇంకా కొలవకముందు, 85 డిగ్రీలు అంటుంది. తీగ ఊడితే దాన్ని చదివే లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది. మైనస్ 127 కనబడితే ఎవరైనా పట్టుకుంటారు. కానీ గంటకొకటి చొప్పున వచ్చే 24 రీడింగుల్లో ఒక 85 కలిసిపోయి, 31 డిగ్రీల సగటు 33 అయితే ఎవరికీ అనుమానం రాదు. ఇలాంటి గుర్తు అంకెల పట్టిక రాసుకుని, అవి డేటాబేసులోకి చేరే గుమ్మం దగ్గరే 'లోపం' అని విడిగా నమోదు చేయండి. లోపాన్ని సున్నాగా మార్చకండి.

సున్నా ఎంత పని చేస్తుందో బోరు సెన్సరు దగ్గర చూడాలి. బోరులోకి దించే పీడన సెన్సర్లు ఎక్కువగా 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల సంకేతం పంపుతాయి. సెన్సరు పైన నీరు ఏమీ లేకపోతే 4 వస్తుంది. సున్నా వచ్చిందంటే నీళ్లు లేవని కాదు, తీగ తెగిందని. ఆ తేడా తెలియడానికే కొలత 4 దగ్గర మొదలయ్యేలా చేశారు. కానీ లెక్క కట్టే సూత్రంలో సున్నా వేస్తే నీటిమట్టం రుణసంఖ్యగా వస్తుంది. 'రుణసంఖ్య ఏమిటి' అని ప్రోగ్రామరు దాన్ని సున్నాకు సర్దేస్తాడు. తెర మీద 'బోరులో నీరు లేదు' అని పడుతుంది. కొత్త బోరు కోసం అప్పు చేసి, అదీ ఎండి, ఇంకొకటి వేసి మునిగిపోయిన కుటుంబాలు ఉన్న జిల్లా ఇది. ఎలుక కొరికిన తీగ ఇక్కడ ఒక ఇంటిని అప్పులోకి నెట్టగలదు. నీరు లేదని చెప్పే ముందు తీగ ఉందో లేదో చూసే ఒక్క వరుస కోడు రాయండి.

వాన లెక్కలో రోజు ఎక్కడ మొదలవుతుందో సరిచూసుకోండి. వాతావరణ శాఖ వానను ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు ఒక రోజుగా లెక్కిస్తుంది. మీ సర్వరు అంతర్జాతీయ సమయంలో నడుస్తూ, మీ తెర అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కూడితే, రాత్రి కురిసిన ఒకే వాన రెండు రోజులకు పంచుకుపోతుంది. మండలం లెక్కతో మీ లెక్క కలవదు, రైతు రెంటినీ నమ్మడం మానేస్తాడు. పంట బీమా పరిహారం కూడా వాన అంకెల మీద ఆధారపడిన పథకాలు ఉన్నాయి గనుక, మీ వానమాపకం అంకె అధికారిక లెక్క కాదని తెర మీదే రాయండి. ముంగారుకు ముందు వానమాపకం గరాటు శుభ్రం చేయించండి. దుమ్ము, పిట్టగూడు అడ్డుపడితే కుంభవృష్టి కురిసినా సున్నాయే చూపుతుంది.

నేల తేమ సెన్సరును ఆ చేని మట్టితోనే సరిచూడండి. కంపెనీ ఇచ్చిన సమీకరణాన్ని నమ్మకండి. గరుసు నేలలో సెన్సరు చుట్టూ గాలి సందు మిగిలితే తేమ తక్కువ చూపుతుంది.

'విత్తండి' అని ఆజ్ఞ ఇవ్వకండి. 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు విత్తే సమయం గురించి తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపాయి. ఆ సలహా వెనుక ఆ ప్రాంతపు 30 ఏళ్ల వాతావరణ సమాచారం ఉంది. మీ ఒక్క సెన్సరు వెనుక అది లేదు. కొలిచింది చెప్పండి, నిర్ణయం రైతుకు వదలండి. అయితే వాళ్ల పద్ధతి ఒకటి అచ్చంగా తీసుకోదగ్గది: మామూలు ఫోనుకు కూడా చేరే ఎస్సెమ్మెస్. తెలుగు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షర సంకేతాలే పడతాయి, వాటిలో గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. కాబట్టి ముఖ్యమైన మాట ముందు రాయండి. 'గౌరవనీయులైన రైతు సోదరులకు' అని మొదలుపెడితే మూడో వంతుకు పైగా చోటు అక్కడే పోతుంది.

మోటారు దగ్గర

అంకె చూపడం వరకు ఒక ఎత్తు. వెబ్ పేజీలోని మీట నొక్కి మోటారు వేయడం ఇంకో ఎత్తు, అక్కడ ప్రాణం ఉంది. మొబైల్ స్టార్టర్లు మన పల్లెలకు అలవాటైనవే. పగలు ఇచ్చే వ్యవసాయ కరెంటు ఏ వేళకు వస్తుందో, ఏ వేళకు పోతుందో తెలియక వాటిని పెట్టించుకుంటారు. మీ అప్లికేషను దానికి తోడైతే కింది మాటలు ఒక్కటీ వదలకండి.

స్టార్టరు డబ్బా మీద చేత్తో తిప్పే మీట పెట్టండి: ఒకవైపు 'చేతితో', ఇంకోవైపు 'ఫోనుతో'. అది 'చేతితో' వైపు ఉంటే సర్వరు నుంచి ఏ ఆదేశం వచ్చినా మోటారుకు కరెంటు చేరకూడదు. ఇది కోడులో చేసే పని కాదు, తీగల్లో చేసే పని. మోటారు పైకి లేపుతున్నప్పుడు, పైపులు విప్పుతున్నప్పుడు, ఎక్కడో బెంగళూరులో ఉన్న కొడుకు ఫోనులో ఒక్క నొక్కు నొక్కితే ఆపగలిగేది ఆ మీట ఒక్కటే. పని మొదలుపెట్టే ముందు స్టార్టరు డబ్బాలోని ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోతే మీరు చేయి పెట్టకండి, ఎంత ఆలస్యమైనా లైన్‌మన్‌నే పిలవండి.

ఆదేశానికి ఆయుష్షు పెట్టండి. 'మోటారు వెయ్యి' అన్న ఆదేశం ఒక నిమిషంలో చేరకపోతే అది రద్దు కావాలి. పరికరాలు సందేశాలు పంపుకునే ఎంక్యూటీటీ పద్ధతిలో సందేశం మీద 'రిటెయిన్' గుర్తు పెడితే, నడుమనున్న సర్వరు (బ్రోకరు) దాన్ని దాచుకుని పరికరం మళ్లీ నెట్‌వర్కులోకి రాగానే అందిస్తుంది. ఉష్ణోగ్రత లాంటి సమాచారానికి అది మేలే. మోటారు ఆదేశానికి అది ప్రాణాంతకం: ఉదయం నొక్కిన నొక్కుకు మధ్యాహ్నం సిగ్నలు వచ్చాక మోటారు కదులుతుంది, అప్పటికి అక్కడ ఎవరు చేయి పెట్టి ఉంటారో ఎవరికి తెలుసు. ఆదేశాలకు ఆ గుర్తు పెట్టకండి.

మోటారు వేసే పనిని మామూలు లింకుగా పెట్టకండి. లింకు తెరిస్తే చాలు మోటారు తిరిగేలా రాస్తే, ఎవరో ఆ లింకును వాట్సాప్ గ్రూపులో పెట్టగానే దాని ముందుచూపు బొమ్మ కోసం యాప్ ఆ లింకును తానే ఒకసారి తెరుస్తుంది. మనిషెవరూ నొక్కకుండానే మోటారు కదులుతుంది. లింకులు చూపడానికి మాత్రమే ఉండాలి, అప్పుడు గ్రూపులో పంచుకున్నా ప్రమాదం లేదు. కదిలించేవి లాగిన్ అయిన మనిషి బటను నొక్కి, 'అవును' అని మళ్లీ ఒప్పుకున్నాకే సాగాలి.

'మోటారు నడుస్తోంది' అని చూపాలంటే రిలే పడిందని సరిపెట్టుకోకండి. తీగలో కరెంటు పారుతోందో లేదో కొలిచి చూపండి. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, బోరులో నీరు తగ్గి మోటారు ఉత్తిగా తిరుగుతున్నా స్టార్టరు తనంతట ఆపేయాలి, సర్వరును అడగకూడదు. 415 వోల్టుల తీగలున్న డబ్బాలోనే మీ చిన్న బోర్డును ఇరికించకండి. వేరే పెట్టె పెట్టండి, రెండింటికీ ఎర్తింగు చూడండి.

తాళాలు

2016లో 'మిరాయి' అనే చెడ్డ ప్రోగ్రాము ప్రపంచమంతటా కెమెరాలు, రౌటర్లు లక్షల్లో వశం చేసుకుని, ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను ఆపేసింది. దాని చేతిలో గొప్ప విద్య ఏమీ లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డులు మార్చని పరికరాల కోసం ఓ 60 దాకా పేర్లు, పాస్‌వర్డుల జాబితా పట్టుకుని వెతికింది. రొద్దం దగ్గరి చేనులో, సెన్సర్ల అంకెలను ఇంటర్నెట్టుకు చేర్చే మీ గేట్‌వే కూడా ఆ వెతుకులాటకు అందేదే.

ప్రతి పరికరానికి వేరు తాళంచెవి ఇవ్వండి. అన్ని సెన్సర్లలో ఒకే కీ పెడితే, ఒక పెట్టె దొంగతనమైన రోజు ఊరంతటి సెన్సర్లూ దొంగ చేతికి పోయినట్టే. ఎంక్యూటీటీ బ్రోకరును 1883 పోర్టు మీద పాస్‌వర్డు లేకుండా బయటి ప్రపంచానికి తెరవకండి. గుప్తీకరణ ఉన్న 8883 వాడండి, ఒక పరికరం తన సొంత టాపిక్‌లో తప్ప రాయలేకుండా కట్టడి చేయండి. పాస్‌వర్డులు, కీలు ఉన్న కోడును గిట్‌హబ్‌లో పెట్టకండి. ఒకసారి పెట్టాక తీసేసినా పాత ప్రతుల్లో ఉంటుంది, కాబట్టి కీ మార్చడమే దారి.

సెన్సరు పంపే సమాచారాన్ని కూడా అనుమానించండి. అది నేరుగా డేటాబేసు ఆదేశంలో అతికించేది కాదు, హద్దులు చూసి తీసుకునేది. వెబ్ చిరునామా చివర రైతు సంఖ్య 12 తీసి 13 వేస్తే పక్కవాడి బోరు కనబడుతుందేమో మీరే ప్రయత్నించి చూడండి. విద్యార్థులు కట్టే అప్లికేషన్లలో ఇంతకంటే సులువుగా దొరికే లోపం లేదు. లాగిన్ ఉంటే చాలదు, అడిగిన ప్రతిసారీ 'ఈ చేను ఈయనదేనా' అని సర్వరు చూడాలి.

లాగిన్ గురించి ఇంకో మాట. పట్టా భర్త పేరున, ఓటీపీ వచ్చే ఫోను భర్త జేబులో, అతడు కూలికి బెంగళూరులో. చేలో ఉన్నది భార్య. ఒక చేనుకు ఒకే ఫోను నంబరు అన్న నియమం పెట్టకండి. చేసే మనిషికి అంకె అందాలి, ఆమె పేరుతోనే అందాలి.

పెట్టె, కడ్డీ, బోరు మూతి

రేడియో మాడ్యూలు కొనేటప్పుడు దాని మీద రాసిన తరంగం చూడండి. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లోనే ప్రకటించారు. అమెరికా కోసం చేసిన 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు ఇక్కడ వాడకండి. గేట్‌వేలో 2జీ మోడెమ్ ఉంటే జియో సిమ్ పనిచేయదు, ఆ కంపెనీకి 2జీ లేదు. సిమ్‌కు పిన్ పెట్టండి, బయటికి కాల్స్ వెళ్లకుండా ఆపించండి.

మే నెలలో గాలి ఉష్ణోగ్రతే 40 దాటుతుంది. మూసిన పెట్టె లోపల ఇంకా ఎక్కువ. మామూలు లిథియం అయాన్ బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జి చేయకూడదు. సౌరఫలకం చార్జి చేసేది సరిగ్గా ఆ ఎండలోనే. పెట్టెను ఫలకం నీడలో, తెల్లరంగులో, నేలకు ఎత్తుగా పెట్టండి. వేడెక్కితే చార్జింగు ఆపే సర్క్యూటు ఉండి తీరాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకండి. మూత తీసే ముందు కట్టెతో తట్టండి, తేళ్లకూ పాములకూ ఆ నీడ ఇష్టం.

ఉరుములు వినబడితే కడ్డీ ఎక్కకండి, యాంటెన్నా ముట్టకండి. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ వారి 'దామిని' యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పిడుగుల సంగతి చెబుతుంది. బయలుదేరే ముందు చూడండి.

బోరులోకి సెన్సరు దించాక కేసింగ్ మూత మళ్లీ బిగించండి. తీగ పోయేటంత రంధ్రం చాలు. పాడుబడిన బోరును నీటిమట్టం కొలవడానికి తెరిస్తే, ఆ సాయంత్రం దాన్ని అలాగే వదిలి రాకండి. తెరిచిన బోరుబావుల్లో పిల్లలు పడిపోవడం చూశాకే సుప్రీంకోర్టు 2010లో జాగ్రత్తలు రాసింది.

ఎవరి అంకె

బోరులో నీరెంత ఉందన్నది ఆ కుటుంబపు అప్పు పుట్టే శక్తి, ఆ భూమి ధర, పక్క రైతుతో తగువు. కాబట్టి బోర్ల ఖచ్చితమైన స్థానాలతో నీటిమట్టాలను అందరికీ తెరిచిన పటం మీద పెట్టకండి. ఊరి మొత్తానికి ఒక అంకె చాలు. రైతు దగ్గర ఒప్పుకోలు తెలుగులో, ఆయన చదవలేకపోతే చదివి వినిపించి తీసుకోండి. వద్దన్న రోజు తీసేయండి. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ఒప్పుకోలును, వెనక్కి తీసుకునే హక్కును చెబుతోంది. చట్టం లేకపోయినా చేయవలసిన పని అది.

అలాగని అంకెను ఊరికి దాచకండి కూడా. 2003 తర్వాత ఏపీఫామ్‌జీఎస్ పథకంలో అనంతపురంతో సహా 7 కరువు జిల్లాల రైతులు తమ బోర్ల నీటిమట్టం తామే కొలిచి, ఊళ్లో బోర్డు మీద రాసి, నలుగురూ కూర్చుని ఆ యాసంగికి ఎంత నీరుంది, ఏ పంట ఎంత వేయాలి అని లెక్క కట్టారు. అంకె ఎవరు కొలిచారో, ఎందుకు కొలిచారో అందరికీ తెలుసు. మీ సర్వరు పనిచేస్తున్నా సరే, వారానికొకసారి చేతి టేపుతో ఒక కొలత కొలిపించి పక్కన రాయించండి. రెండూ విడిపోవడం మొదలైన రోజే సెన్సరు చెడిపోయిన సంగతి తెలుస్తుంది.

నడపడం

ఈ జాగ్రత్తలన్నీ మొదటి నెలలో గుర్తుంటాయి, పదో నెలలో గుర్తుండవు. సిమ్ రీచార్జి, డొమైన్ పేరు గడువు, సర్వరు అద్దె, వీటి తేదీలు ఒక కాగితం మీద రాసి సంఘం ఆఫీసు గోడకు అంటించండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ధ్రువపత్రం ఎక్కువలో ఎక్కువ 90 రోజులే చెల్లుతుంది, తనంతట మారేలా ఏర్పాటు చేసి, మారిందో లేదో చూడండి. ఇవేవీ ఒక విద్యార్థి సొంత ఈమెయిల్ మీద ఉంచకండి, అతడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లిన రోజు తాళాలు అతడితో వెళ్లిపోతాయి. బ్యాకప్ తీస్తున్నామని తృప్తి పడకండి. ఖాళీ సర్వరు మీద దాన్ని ఒకసారి తిరిగి నిలబెట్టి చూడండి. విత్తనం వేళ కొత్త వెర్షను ఎక్కించకండి, వానాకాలం ముగిసేదాకా ఆగండి.

ఎవరైనా చొరబడ్డారని తెలిస్తే మొదట మోటార్ల మీటలు 'చేతితో' వైపు తిప్పమని రైతులకు ఫోను చేయండి. తర్వాత కీలు మార్చండి. సంస్థగా నడుపుతున్నట్లయితే 6 గంటల్లోగా కేంద్రపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలన్నది 2022 ఏప్రిల్ ఆదేశం, లాగ్‌లు 180 రోజులు దాచాలన్నదీ అందులోనిదే.

ప్రాజెక్టు డబ్బు అయిపోతుంది. అప్పుడు తెరను చివరి అంకెతో అలాగే వదిలేయకండి. ఆపే తేదీ ఒక నెల ముందు రైతులకు చెప్పండి, ఆ తేదీన పేజీలో అంకెలు తీసేసి 'ఇక్కడ కొలత ఆగిపోయింది' అని రాయండి. ఎవరి చేని లెక్క వారికి కాగితం మీద అచ్చువేసి ఇవ్వండి. ఫోను నంబర్లు తుడిచేయండి. బోరులోని తీగ బయటికి లాగి, మూత బిగించి, పాత బ్యాటరీలు మూట కట్టుకుని మీతో తీసుకుపోండి.